వెర్లీనత్త లాక్కున్న ఫోను

మిసిసిపీలో మా ఊరి బడి బస్సు నడిపేది వెర్లీనత్త. ముప్పై ఏళ్లుగా శుక్రవారం ఆటకి ముందు ఫుట్‌బాల్ కుర్రాళ్ల మడమలకీ మోకాళ్లకీ పట్టీలు కట్టేదీ ఆవిడే. "నొప్పా? కోచ్ అడిగితే 'బాగుంది సార్' అను, పో!" అని వీపు మీద ఒక్కటిచ్చి మైదానంలోకి తోలేది. నాకూ అదే చెప్పింది. నేనూ అదే అన్నాను. అందుకే ఇవాళ సెలూన్లో ఒక కాలు ఈడ్చుకుంటూ జుట్టు కత్తిరిస్తున్నాను.

ఆవిడ తమ్ముడు క్లీటస్ కొడుకు మార్క్వెల్. తల్లి పోయాక వాణ్ణి పెంచింది అత్తే. నవంబరులో కాలేజీ ఆటలో వాడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయ్యాక, జీతాలిచ్చి ఆడించే పెద్ద జట్ల డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ కాలే లాగారు, వంచారు, మెలిపెట్టారు. సంతలో పశువుని కూడా అంతలా చూడరు!

ఏప్రిల్లో ఆ జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే మూడు రోజుల్లో ఆఖరి రోజు, అందరం క్లీటస్ ఇంట్లో చేరాం. వేరే ఫోన్ మోగి కంగారు పెట్టకుండా, రివాజు ప్రకారం మా ఫోన్లన్నీ ఆపేసి ఖాళీ గిన్నెలో పడేశాం. మార్క్వెల్ ఫోన్ ఒక్కటే స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాం. టీవీలో సూటువాడు, "ఈ కుర్రాణ్ణి తీసుకుంటే జట్టుకి పెద్ద రిస్కే," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "జట్టుకా? ఎవడి కాలురా అది?" అని అరిచాను.

అప్పుడే ఫోన్ మోగింది. ఒక జట్టు తరఫు మనిషి. "తర్వాతి వంతు మాదే బాబూ. జులైకల్లా పరిగెడతావా? ఔనంటే నీ పేరే చెప్తాం."

డిసెంబరు దాకా పరుగు మాటే వద్దన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. క్లీటస్ చేతులూపుతూ ఔనను, ఔనను అంటున్నాడు. మార్క్వెల్ ఫోన్ మీదికి వంగాడు. "బాగుంది సార్..."

వెర్లీనత్త మొహం పాలిపోయింది. చటుక్కున ఫోన్ లాక్కుంది. "నేను వాడి అత్తని. డిసెంబరు దాకా వాడు పరిగెత్తడు. ఆగుతారా?"

"అర్థమైందమ్మా," అని అవతలివాడు పెట్టేశాడు. ఐదు నిమిషాల్లో టీవీలో ఇంకెవరి పేరో వచ్చింది. ఆ రోజంతా ఆ ఫోన్ మళ్లీ మోగలేదు.

"నోటికాడి కూడు తన్నేశావు కదక్కా!" క్లీటస్ నెత్తి కొట్టుకున్నాడు.

"నోర్ముయ్! వాళ్లకి ఇంకో కుర్రాడు దొరికాడుగా? వీడికి ఇంకో మోకాలు దొరుకుతుందట్రా?" అని నా కాలు వంక చూసి, గొంతు తగ్గించింది. "ఎంతమందికి చెప్పానో ఆ పాడు మాట."

మార్క్వెల్ పక్కన కూలబడి, వాడి కాలు ఒళ్లో పెట్టుకుంది. "నొప్పిగా ఉందా నాన్నా?"

"బాగుంది అత్తా."

"ఒరేయ్, అడిగింది కోచ్ కాదు."

 వాడు ఆవిడ భుజం మీద తల వాల్చి భోరుమన్నాడు. "చాలా నొప్పత్తా."