పసుపు దిగిన దారి

2022, దసరా వెళ్లిన వారం. విశాఖ పోర్టు దగ్గర ఒక చిన్న జెట్టీలో పాత తెరచాప యాట్‌కి మరమ్మతు చేస్తున్నాం. నాది రిగ్గర్ పని. మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తీగలు చూసుకోవాలి. యజమాని ప్రసాదరావు గారు విశాఖ ఉక్కు ప్లాంటులో ఇంజనీరుగా రిటైరయ్యారు, కృష్ణా జిల్లా మనిషి. భార్య సుశీలమ్మ గారితో పోర్ట్‌బ్లెయిర్ దాకా వెళ్లాలని ఆయన పట్టు. ఆవిడకి సముద్రమంటే హడల్. ఆయన్ని ఒంటరిగా పంపడమంటే ఇంకా హడల్.

తీగలన్నీ కొత్తవి వేశాం. ఇక మిగిలినవి చైన్‌ప్లేట్లు. తీగల కింది కొసల్ని పడవకి పట్టి ఉంచే స్టీలు పట్టీలివి. డెక్‌లోంచి కిందికి దిగి, కేబిన్ చెక్కగోడ వెనక బోల్టులతో బిగించి ఉంటాయి. పైన చూస్తే తళతళలాడుతున్నాయి.

"ఇవి కూడా ఊడదీసి సూద్దాం సార్," అన్నాను.

"స్టెయిన్‌లెస్ స్టీలు, రాజూ! వీటి కోసం గోడలన్నీ పీకాలా?"

మరీ మెరిసేదాన్ని చూస్తే నాకు అనుమానం. కానీ ఉత్త అనుమానంతో గోడలు పీకించలేం కదా.

మర్నాడు వాన దంచింది. తెరిపివ్వగానే సుశీలమ్మ గారు కేబిన్‌లోంచి పిలిచారు. "రాజూ, ఈ పసుపు ఇక్కడికెలా వచ్చింది?"

చెక్కగోడ మీద సన్నని పసుపు చార. ఆయుధపూజ నాడు ఆవిడ పడవలో ఇనుము కనబడిన ప్రతిచోటా పసుపు రాసి బొట్టు పెట్టారు, చైన్‌ప్లేట్లతో సహా. వాననీళ్లు ఆ పసుపుని ప్లేటు పక్కనుంచి లోపలికి దింపాయి.

ప్రసాదరావు గారు ఆ చార ముందే చతికిలబడ్డారు. ప్లాంటులో వెల్డింగు పగుళ్లు పట్టడానికి ఎర్రరంగు పూసి, అది ఎక్కడ లోపలికి దిగుతుందో చూస్తారట. దాన్ని డై టెస్ట్ అంటారు.

"డై టెస్ట్ చేశావే సుశీలా!" అని పకపకా నవ్వారు. "తీసెయ్ రాజూ."

తీశాం. డెక్ మందంలో దాగిన చోట గాలి తగలక, నీళ్లు నిలిచి స్టీలుని తుప్పు నల్లగా తినేసింది. వైస్‌లో బిగించి వంచితే టప్పున విరిగింది. పైన పటారం, లోన లొటారం.

"నడిసముద్రంలో విరిగుంటే?" అన్నారావిడ.

"మాస్టు పడిపోద్దమ్మా. ఆ తరవాత ఏటవుద్దో నాను సెప్పలేను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నిజంగా భయం వేసింది నాకు.

కొత్త ప్లేట్లు బిగించాక ఆవిడ మళ్లీ పసుపు రాశారు. బకెట్‌తో నీళ్లు గుమ్మరించి, లోపలికి దిగి గోడంతా చేత్తో తడిమారు.

"పొడిగా ఉంది. ఇక బట్టలు సర్దుకుంటాను."

అప్పటినుంచి నా టూల్‌బాక్సులో స్పానర్ల పక్కన పసుపు పొట్లం ఉంటుంది. "ఏటి బావా, ఇంత భక్తా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. భక్తి సుశీలమ్మ గారిది. నాది అనుమానం. పడవకి రెండూ కావాలి.