రొంటిలో ఫీజు

చోడవరంలో చెరకు పండించే మా మేనత్త, ఇంట్లో స్విచ్చి పాడైతే ఎవరినీ పిలిచేది కాదు. మెయిన్ కట్టేసి, ఫీజు ఊడబీకి, చీర రొంటిన దోపుకున్నాకే బోర్డు మీద చెయ్యి వేసేది.

నాకు పన్నెండేళ్లప్పుడు ఫ్యాను స్విచ్చి మార్చమని నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చింది.

"ఆడగుంటకి కరెంటు పనేటే?" అని మావయ్య కసిరేడు.

"ఆడగుంటని సూసి కరెంటు ఒగ్గేత్తాదేటి?" అంది అత్త. నేను బోర్డు ముట్టుకోకుండా ఆగిపోతే రొంటి తట్టుకుంది. "బయపడకే. ఎవులు మెయినేసినా కరెంటు రాదు. ఫీజు నా కాడుంది."

మొన్న విశాఖలో మా ఇంట్లో ప్లగ్గు కాలిపోయింది. నేను పక్కన నిలబడ్డాను. మా అమ్మాయే మార్చింది. ఆ సంగతి అత్తకి ఫోన్లో గొప్పగా చెప్పబోయాను.

"అదలాగుంచు. ఫీజు పీకిందా?"

"ఇక్కడ పీకే ఫీజుల్లేవత్తా. కింద మీటర్ల గదిలో మెయిన్ కట్టేసి, గదికి తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. నేను చెప్పనేలేదు."

అత్త ఫోన్ పెట్టెయ్యడం కూడా మరిచిపోయి, మావయ్యని కేకేసింది.

"ఏవయ్యా, ఇన్నావా? తాళంసెవి జేబులో ఏసుకుందట, మన గుంట!"