బ్లీడ్‌లో పోయిన చెయ్యి

ఆదివారం, దసరా ఇంకా వారం ఉందనగా. స్థలం: నాంపల్లిలో మా మేనమామ ప్రెస్సు. హాజరైనవారు: మామ, మా పెద్దమ్మ కూతురు, అబిడ్స్ బట్టల దుకాణం సేటు, నేను. ఆలస్యంగా వచ్చినవారు: అమ్మ, పసుపు డబ్బాతో.

డైరీలో ప్రతి పేజీనీ నేను ఇలాగే మొదలుపెడతాను. ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు. జరిగిన సంగతి ఆ తర్వాత. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తోటివారు నా డైరీని హాజరుపట్టీ అని వేళాకోళం చేసేవారు. పైన రాసిన ఆదివారం మాత్రం నా డైరీల్లో లేదు, అప్పటికి నాకింకా ఆ అలవాటు లేదు. మొన్న దాన్ని గుర్తుచేసింది మా మనవరాలు. పెద్ద షోరూముల్లో పైనుంచి వేలాడదీసే బొమ్మలూ, గుమ్మం దగ్గర నిలబెట్టే అట్టబొమ్మలూ కంప్యూటరు మీద గీయడం దాని ఉద్యోగం. ఫోనులో ఎవరితోనో "అది బ్లీడ్‌లో ఉంది, పోతే పోనీ" అంటోంది. వంటింట్లో ఉన్న నేను నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి చూసుకున్నాను.

నా చిన్నప్పుడు మా వాళ్ళందరం నాంపల్లి స్టేషనుకు దగ్గరలో ఒకే గల్లీలో కాపురముండేవాళ్ళం. గల్లీ మొదట్లోనే మా అమ్మ తమ్ముడి ప్రెస్సు. ఏడాది పొడుగునా అందులో పెళ్ళి కార్డులూ రసీదు పుస్తకాలూ అచ్చయ్యేవి. పండుగలు వస్తున్నాయంటే అబిడ్స్ దుకాణాలవాళ్ళు షోకార్డుల కోసం వచ్చేవారు. షోకార్డంటే మందపాటి అట్ట మీద ఒక బొమ్మ, కింద దుకాణం పేరు, పడిపోకుండా వెనక ఒక అట్టకాలు. దాన్ని రోడ్డువైపు అద్దాల వెనక కొత్త బట్టల మధ్య నిలబెట్టేవారు. సాయంత్రం పూట ఆ అద్దాలు చూసుకుంటూ అబిడ్స్‌లో నడవడమే అప్పట్లో మాబోటివాళ్ళకు షికారు. చాదర్‌ఘాట్ నుంచి కూడా పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవారు. కొనేవాళ్ళకంటే చూసేవాళ్ళే ఎక్కువ.

మా పెద్దమ్మ కూతురు నాకంటే ఏడాది పెద్ద. ఆమె జడ నడుము దాటేది. నాకు టైఫాయిడ్ వచ్చి జుట్టు తీయించడంతో ఆ ఆదివారం నాటికి నా జడ ఇంకా భుజం దగ్గరే ఉంది. ఆమె లంగాలు పొట్టివైతే నాకు వచ్చేవి. కట్టుకున్న రోజు వీధిలో ఎవరో ఒకరు, గిది మీ అక్కదే గద అని అడగకుండా ఉండేవారు కాదు. ఇంటికి చుట్టాలొస్తే పాట ఆమె పాడాలి, మంచినీళ్ళు నేను తేవాలి. అసూయ మనసులో పుడుతుందని పుస్తకాల్లో రాస్తారు. నాకు మాత్రం అది కడుపులోనే పుట్టేది. కడుపుమంట అన్న మాట కనిపెట్టినవాళ్ళెవరో నాలాగే ఒక అందమైన అక్క పక్కన పెరిగి ఉంటారు.

ఆ ఏడు దసరాకు అబిడ్స్‌లోని ఒక బట్టల దుకాణం సేటు, లంగా ఓణీలు వేసుకున్న ఆడపిల్లల బొమ్మతో షోకార్డు కావాలన్నాడు. మా ఇంట్లోనే ఇద్దరున్నారు గదా అన్నాడు మామ. సేటు కొత్త పట్టు బట్టలు పంపాడు. ఎవరూ తొడిగి విడవని బట్ట నా ఒంటి మీద పడడం అదే మొదలు. స్టూడియోలో మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. అక్క ఓణీ పట్టు నున్నగా ఉండి భుజం మీద నిలవడం లేదు. సర్దిన ప్రతిసారీ జారుతోంది. ఫోటో తీసేవాడికి విసుగొచ్చింది. అప్పుడు మామ నాతో, జర నీ చెయ్యేసి పట్టుకో బిడ్డా, అన్నాడు. నేను కుడిచేత్తో అక్క భుజం మీది కుచ్చిళ్ళు పట్టుకున్నాను. నా వేళ్ళు చల్లగా తగిలి ఆమెకు నవ్వొచ్చింది. అదే క్షణంలో ఫోటో తీశారు.

తర్వాత నేను చేసిన పనల్లా బడిలో అందరికీ చెప్పుకోవడం. అబిడ్స్‌లో అద్దంలో నన్ను పెడుతున్నారని, వచ్చి చూడమని తరగతిలో ఒక్కరినీ విడవకుండా చెప్పాను. మా అక్క కూడా ఉంటుందని చెప్పానో లేదో గుర్తులేదు.

ఆ ఆదివారం ప్రూఫు, అంటే సరిచూసుకునే మొదటి అచ్చు, తీశారని తెలిసి ప్రెస్సుకు పరుగెత్తాను. అక్క నాకంటే ముందే వచ్చి బల్ల దగ్గర నిలబడింది. సేటు ఇరానీ హోటలు నుంచి తెప్పించిన చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతున్నాడు. బల్ల మీద ఇంకా తడి ఆరని కాగితం. అందులో అక్క ఉంది. నడుము దాటిన జడతో, ఆ నవ్వుతో, నిండుగా ఉంది. ఆమె భుజం మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి. వేళ్ళ వెనక కొంచెం మణికట్టు ఉంది. ఆ తర్వాత కాగితం తెల్లగా ఉంది.

నేను ఎక్కడ అని అడిగాను. మామ పెన్సిలు తీసుకుని వేళ్ళకూ మణికట్టుకూ మధ్య నిలువుగా ఒక గీత గీశాడు.

"గిది కత్తి గీత. దీనికి అవతల ఉన్నదంత బ్లీడ్. అచ్చయితది గని, కత్తికి పోతది. నీ చెయ్యి బ్లీడ్‌ల పోయింది బిడ్డా."

బ్లీడ్ అంటే నెత్తురు కారడమని మాకు ఇంగ్లీషు పాఠంలో అప్పుడే చెప్పారు. నేను చెయ్యి చూసుకున్నాను. తర్వాత అక్క ముఖం చూశాను. ఆమె జాలిపడుతున్నట్టు పెదవి విరిచింది. ఆ జాలి నాకు కత్తికంటే ఎక్కువ తగిలింది. ఏడుస్తూ ఇంటికి పరుగెత్తి అమ్మతో ఏదో చెప్పాను. వెక్కిళ్ళలో ఆమెకు వినిపించినవి రెండే మాటలు, కత్తి, చెయ్యి. అమ్మ పసుపు డబ్బా అందుకుని నన్ను రెక్క పట్టుకుని ప్రెస్సుకు ఈడ్చుకొచ్చింది.

"ఏందిరా, పిల్ల చెయ్యి ఏం చేసినవ్?"

"చేతికేం కాలేదక్కా. ఫోటోల చెయ్యి," అన్నాడు మామ.

సేటు చాయ్ ఒలకబోసుకుని నవ్వాడు. అక్క కూడా నవ్వింది. అమ్మ నవ్వలేదు. పసుపు డబ్బా బల్ల మీద పెట్టి, ప్రూఫు మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఇద్దరు నిలవడ్డరు గదరా. మరి నా బిడ్డేది?"

మామ నెమ్మదిగా ఆ నాలుగు వేళ్ళ మీద తన వేలు పెట్టి చూపించాడు. దాంతో కొత్త చిక్కు వచ్చింది. అంతవరకు సేటు ఆ వేళ్ళను గమనించనే లేదు. ఇప్పుడు కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశాడు.

"అరె, గివేంది? దయ్యం చెయ్యి లెక్క ఉన్నది. తీసెయ్ భాయ్."

"ఔ మామా, తీసెయ్యి," అంది అక్క. "బడిల అందరు నవ్వుతరు."

కార్డంతా ఆమెదే. జడ ఆమెదే, నవ్వు ఆమెదే, మెరిసే ఓణీ ఆమెదే. నాకు మిగిలినవి నాలుగు వేళ్ళు. వాటిని కూడా ఉండనివ్వలేకపోయింది. మనిషి మనిషిని చూసి అంత మండిపోవచ్చని నాకు ఆ పూట తెలిసింది. పసుపు డబ్బా ఎదురుగానే ఉంది గానీ ఆ మంటకు అది పనిచేసేది కాదు.

మామ సేటుతో వాదించలేదు. మా మామకు వాదించే అలవాటే లేదు. తీసేయడం కష్టమేమీ కాదని, కానీ అచ్చు వేసే లోహపు బ్లాకు మీద ఒకసారి చెక్కేస్తే వేళ్ళు మళ్ళీ తిరిగి రావని, అందుకని ముందు కాగితం మీద చూసుకుందామని అన్నాడు. ఇంకొక ప్రూఫు తీసి, సన్న కుంచెతో వేళ్ళ మీద రంగు పూయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క వేలే కనబడకుండా పోతుంటే నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కూడా వాళ్ళ వైపే అనుకున్నాను.

పని అయ్యాక రెండు ప్రూఫులనూ వీధి కిటికీలో పక్కపక్కన నిలబెట్టాడు. సేటు లోపలినుంచే చూడబోతే మామ ఆపాడు.

"దుకాణంల ఉండి చూసేది కాదు సేట్. గిరాకీ ఏడికెళ్ళి చూస్తడో ఆడికెళ్ళి చూడాలె."

అందరం గల్లీ దాటి అవతలి గోడకు ఆనుకుని నిలబడ్డాం. అక్కడినుంచి చూస్తే దుకాణం పేరు సరిగా కనబడదు, బొమ్మ మాత్రం కనబడుతుంది. వేళ్ళున్న బొమ్మలో ఒక పిల్ల నవ్వుతోంది, ఎవరో దగ్గరివాళ్ళు ఆమె ఓణీ సర్దుతున్నారు. వేళ్ళు లేని బొమ్మలో అదే పిల్ల, అదే నవ్వు. కానీ ఎవరిని చూసి నవ్వుతోందో తెలియదు. ఒక భుజం ఊరికే పైకి లేచి ఉంది. కుచ్చిళ్ళు ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడి ఉన్నాయి, ఇప్పుడో ఇంకాసేపటికో జారిపోయేటట్టు. అమ్మ చెయ్యి తనకు తెలియకుండానే తన భుజం మీది కొంగు సర్దుకుంది. సేటు అది గమనించాడు.

ఆయన మళ్ళీ వేళ్ళు లేని బొమ్మ వైపు చూశాడు. చివరికి, ఆ చెయ్యి ఉండనియ్ భాయ్, కపడా పడిపోతున్నది, అన్నాడు. అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

కార్డులు ఆ సాయంత్రమే అచ్చయ్యాయి. కోసేటప్పుడు మామ నన్ను మిషను దగ్గరకు పిలిచాడు. ముందు ఒక చెడిపోయిన కాగితం మీద, బొమ్మ అంచుతోనే అచ్చు ఆగిపోయిన దాని మీద, కత్తి దించాడు. అంచు వెంట తెల్లటి సన్నటి గీత మిగిలింది, బట్టకు దారం ఊడినట్టు. కత్తి ఎప్పుడూ ఒక్కచోటే పడదని, ఒకసారి అటు ఒకసారి ఇటు జరుగుతుందని, అందుకే బొమ్మ అక్కడితో అయిపోయినా ఇంకొంచెం అచ్చు వేస్తారని చెప్పాడు. ఆ ఇంకొంచెమే బ్లీడ్. అది లేకపోతే ఎంత మంచి బొమ్మకైనా అంచున దారిద్ర్యం కనబడుతుందన్నాడు.

నాకది ఓదార్పుగా అనిపించలేదు. మరి నన్ను మొత్తం ఎందుకు వెయ్యలేదని అడిగాను. మామ చెయ్యి మిషను మీదినుంచి తీసి తుడుచుకున్నాడు.

"ఇద్దరినీ ఏద్దామన్న బిడ్డా. ఫోటో చూసినంక సేటు ఒక్కరే చాలన్నడు. మనిషి కాడ ఓడిపోయిన. వేళ్ళ కాడ గెలిచిన. గంతే."

మర్నాడు పొద్దున్నే మామ కార్డుల కట్ట సైకిలు మీద పెట్టుకుని నడిపిస్తుంటే, అక్కా నేనూ చెరో పక్కన నడుస్తూ అబిడ్స్ వెళ్ళాం. అక్క ఆ పూట జడలో పూలు పెట్టుకుని వచ్చింది. సేటు దగ్గరుండి అద్దం తుడిపించి, పట్టుచీరల మధ్య కార్డు నిలబెట్టాడు. మేం రోడ్డు మీద నిలబడ్డాం. పనికి పోతున్న ఆడవాళ్ళు ఇద్దరు ఆగారు.

"గా పిల్లను పట్టుకున్నదెవరే? తల్లా?" అంది ఒకామె.

"తల్లి చెయ్యి గంత చిన్నగుంటదా? చెల్లెలయ్యుంటది."

"చెల్లెను ఎందుకు కోసేసిన్రు పాపం?"

వాళ్ళు మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. తర్వాత ఆగిన ముసలాయన కూడా మెడ పక్కకు వంచి, అట్ట అంచుకు అవతల ఎవరున్నారో చూడబోయినట్టు తొంగి చూశాడు. అసలు మనిషి పక్కనే పూలు పెట్టుకుని నిలబడి ఉంటే ఒక్కరూ పోల్చుకోలేదు. నేను అక్కవైపు చూశాను. ఆమె ముఖం ఎర్రగా ఉంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఆ ముఖం నాకు బాగా తెలుసు. అద్దంలో రోజూ నాకు కనిపించేదే అది.

"అందరు నీ చెయ్యే చూస్తున్రు," అంది.

ఆమె నన్ను చూసి కుళ్ళుకోవడం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉండిందో ఇప్పుడైనా దాచను. తిరిగొస్తుంటే ఆ హాయిలో ఇంకొకటి కలిసింది. ఇన్నాళ్ళూ నేను మోసిన మంట ఎంత బరువో, అది ఇంకొకరి ముఖం మీద చూశాక గానీ తెలియలేదు. ఆమె నడక మందగించింది. నేను కూడా మెల్లగా నడిచాను.

ఇంటికి రాగానే మామ దగ్గర ఒక చెడిపోయిన ప్రూఫు అడిగి తెచ్చుకుని, దాని వెనక తెల్లవైపున పెన్సిలుతో రాశాను. సోమవారం పొద్దున. అబిడ్స్. హాజరైనవారు: నేను. మామ. సేటు. తోవన పోయే ఆడవాళ్ళు ఇద్దరు. ఒక ముసలాయన. అక్కడ పెన్సిలు ఆగింది. కాగితం నాది, కత్తి నా చేతిలో ఉంది, అక్కను గీతకు అవతల ఉంచేస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ ఆమె లేకుండా ఆ పొద్దున నా వేళ్ళు దేన్ని పట్టుకుని ఉన్నట్టు? తిప్పి ప్రూఫు చూశాను. మళ్ళీ ఇటు తిప్పి, ముసలాయన పక్కన ఇంకా చోటుంటే, కాగితం అంచు దాకా రాశాను: అక్క, జడలో పూలతో.

డెబ్బై దాటినా అక్కకూ నాకూ ఈ పోటీ తీరలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మనవరాలికి, నా బొమ్మ అబిడ్స్‌ల పెట్టిన్రు, అని చెబుతుంది. పట్టుకున్నది నేను, అంటాను. రోజూ డైరీ తెరిచి హాజరైనవారు అని రాసేటప్పుడు, నచ్చినవాళ్ళ పేర్లు వాటంతటవే వస్తాయి. నచ్చనివాళ్ళ దగ్గర పెన్సిలు ఇప్పటికీ ఆగుతుంది. ఆగినచోట వాళ్ళ పేరు కూడా అంచు దాకా రాస్తాను. కత్తి రేపు ఎటు జరుగుతుందో ఎవరికి తెలుసు.