వెనక గదిలో ఎర్ర లైటు

వీధిలో అందరూ ఆమెను కుట్టు పిన్ని అంటారు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ వెనక గదిలో మిషను ముందు కూర్చుని నలుగురి జేబులూ జిప్పులూ బాగుచేస్తూనే ఉంది. నోట్లో నాలుక లేని మనిషని పేరు. నోటి నిండా ఎప్పుడూ గుండుసూదులుంటే నాలుకకి చోటెక్కడిది?

ఆవిడ భర్త పంపుహౌసులో సూపర్వైజరు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిన్నికి కష్టమంటే ఏమిటో తెలియలేదు. ఆయన పగలు ఇంట్లో ఉండేవాడు కాదు మరి. రిటైరయ్యాక హాల్లో వాలుకుర్చీ వేసుకుని, ఫోనులో ఆరోగ్య సూత్రాల వీడియోలు ఇల్లెగిరిపోయేలా వినడం మొదలుపెట్టాడు. విన్నది ఊరికే పోనివ్వడు, పిన్ని మీద ప్రయోగిస్తాడు. "ఏమేవ్, అలా వంగి కూర్చోకూడదట!" అదృష్టం బాగుండి వైఫై వెనక గది దాకా వచ్చేది కాదు. సిగ్నల్ లేని చోట ఆయన నిమిషం నిలవడు. ఆ గదైనా తనకు మిగిలిందని పిన్ని మురిసిపోయేది.

ఆ లోటు ఆయన కంట్లో పడనే పడింది. "నీ గదికి కూడా నెట్ తెస్తా చూడు" అని బయల్దేరాడు. గోడలు తొలిచి తీగలు లాగక్కర్లేదట, ప్లగ్గులో పెడితే సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టె ఒకటి ఉందట. పిన్నిని కూడా వెంటబెట్టుకుని కొట్టుకెళ్లాడు. "సార్, దీన్ని సగం దూరంలో, సిగ్నల్ బాగా అందే చోట పెట్టుకోవాలి" అని కొట్టతను చెబుతుంటే, ఈయన అతనికి నీళ్ల పైపుల గురించి చెబుతున్నాడు. విన్నది పిన్ని ఒక్కతే.

ఇంటికి రాగానే తిన్నగా వెళ్లి, మిషను పక్కనున్న ప్లగ్గులో పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది.

"ఇక్కడెందుకండీ?"

"సిగ్నల్ లేని చోటే కదా పెట్టాలి! ఉన్న చోట పెట్టడానికి నాకేమైనా పిచ్చా?"

పిన్ని గుండుసూదులు నోట్లో పెట్టుకుంది.

ఆయన ఆ పెట్టెను తీశాడు, పెట్టాడు, తలకిందులు చేశాడు, తడిగుడ్డతో తుడిచాడు. కొట్టతనికి ఫోన్ చేసి కేకలేశాడు. లైటు మాత్రం ఎర్రగానే ఉంది. పిన్నికి లోలోపల ఒకటే సంబరం. కానీ కొన్నాళ్లకు ఆయన అరవడం కూడా మానేశాడు. పెట్టె ముందు స్టూలేసుకుని కూర్చుని, "ఇక నేను దేనికీ పనికిరానే" అన్నాడు. ఊళ్లో మేడలన్నిటికీ నీళ్లెక్కించిన మనిషి! పిన్ని మిషను ఆపేసింది. గది మీద ఆశ వదులుకుంది.

"మీ మోటారు ఎక్కడ పెట్టేవారండీ? నీళ్లున్న చోటా, లేని చోటా?"

"ఇదేం ప్రశ్నే? నీళ్లున్న చోటే. ఎండిన బావిలో పెడితే గాలి లాగి, మోటారు కాలి..." ఆయన నోరు అలాగే ఉండిపోయింది.

గభాలున పెట్టె ఊడబెరికి, సగం దూరంలో ఉన్న భోజనాల బల్ల దగ్గర పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. సాయంత్రానికల్లా ఆ ఉపాయం ఆయనదైపోయింది. వీధిలో పాఠం చెప్పి కూడా వచ్చాడు.

మర్నాడే వాలుకుర్చీతో సహా వెనక గదిలోకి మకాం మార్చాడు. వీడియో గోల భరించలేక పిన్ని చేతి కుట్టు పని ఒళ్లో వేసుకుని బయటపడింది. చూస్తే హాలు ఖాళీ! పెద్ద కిటికీ, ఫ్యాను, బోలెడంత వెలుతురు, చడీచప్పుడూ లేదు. ఇన్నాళ్లూ ఆ ఇరుకు గదిని పట్టుకుని వేళ్లాడిన తన తెలివికి తనే నవ్వుకుంటూ గుండీ కుట్టడం మొదలుపెట్టింది.

గుండీ సగమైనా కాలేదు, వాలుకుర్చీ ఈడ్చుకొస్తున్న చప్పుడు.

"ఏం, అక్కడ సిగ్నల్ రావట్లేదా?"

"రాకేం? నిండుగా ఉంది."

"మరి?"

ఆయన కుర్చీని ఆవిడ పక్కకి జరిపి వేసుకున్నాడు. ఫోను జేబులో పడేశాడు.

"నువ్వు లేవుగా అక్కడ."

పిన్నికి ఏమనాలో తోచలేదు. నోట్లో గుండుసూదులు కూడా లేవు.

"అలా వంగి కూర్చోకూడదట" అన్నాడాయన.