కారణం లేని తూటా, నా కుడిచెయ్యి

ఫోను కింద పడింది. తీసుకుందామని చెయ్యి చాచాను. చెయ్యి రాలేదు. చూస్తే అది నా పక్కన వేలాడుతోంది, ఎవరిదో అన్నట్టు. నొప్పి లేదు. చొక్కా మాత్రం కాలర్ ఎముక కింద తడిగా, వెచ్చగా ఉంది.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డులో, సాయంత్రం నాలుగు దాటాక, స్కూటరు పక్కకు ఆపి ఫోనులో మాట్లాడుతున్నాను. వెనక ఒక హారన్ వినిపించింది, పొట్టిగా, ఒక్కసారే. తారు దిగి మట్టిలో నిలబడ్డవాణ్ణి, ఇంకా ఏం దారి ఇవ్వాలని తిరిగి చూశాను. నల్ల హెల్మెట్. మెల్లగా వస్తున్న మోటారు సైకిలు. టైరు పగిలినట్టు ఒక చప్పుడు. ఆ బండి వేగం కూడా పెంచకుండా వెళ్లిపోయింది.

పత్తి ఏరి ఇళ్లకు పోతున్న ఆడవాళ్ల ఆటో ఆగింది. పుల్లమ్మ అనే ఆమె దిగి నన్ను కూర్చోబెట్టి, తలగుడ్డ విప్పి మడతలు పెట్టి గాయం మీద రెండు చేతులతో అదిమింది.

"నీళ్లు" అన్నాను.

"నీళ్లూ లేదు, ఏమీ లేదు. గమ్మునుండప్పా. ఆపరేషన్ చేయాల్సొస్తే నీళ్లు తాగినోళ్లకు మత్తియ్యరు."

ఆటోలోంచి ఇంకొకామె అడిగింది. "పడినాడా అక్కా?"

"పడితే ఇట్ల బొక్క పడ్తాదా? కాల్చినారు. ఎవురితో పెట్టుకున్నాడో ఏమో."

తర్వాత కొన్ని నెలలపాటు ఆస్పత్రిలో, ఇంట్లో, స్టేషన్‌లో నేను వింటూ వచ్చిన ప్రశ్నను మొదట విన్నది అక్కడే. అది అప్పటిదాకా నేను అందరినీ అడుగుతూ వచ్చిన ప్రశ్న.

జమ్మలమడుగులో ఒక దినపత్రికకు ఇరవై నాలుగేళ్లుగా విలేకరిని. మా సీమలో మనిషిని చంపితే చంపిందెవరో తెలియకపోయినా ఎందుకు చంపారో సాయంత్రంలోగా తెలిసిపోవాలి. నాకు తూటా తగలడానికి రెండు నెలల ముందు, గొర్రెలు తోలుకుపోతున్న ఓబులేసు అనే ఆయన్ని రోడ్డు మీద ఎవరో కాల్చి చంపారు. నేను ఆ ఊరికి వెళ్లాను. భార్య లక్ష్మమ్మ ఏడుపు ఆపుకుని చెప్పింది.

"హారన్ కొట్టినాడు సారూ. జీవాలను పక్కకు తోలుకోమంటాండాడేమో అని మా ఆయన తిరిగి చూసినాడు. అంతే."

"ఎవరితోనైనా తగాదాలున్నాయా?"

"మాకెవురితో తగాదా సారూ, గొర్రెలతోనా?"

హారన్ సంగతి నేను రాయలేదు. ఊళ్లో ఇంకో ఇద్దర్ని అడిగితే, ఓబులేసుకూ అతని దాయాది రామాంజులుకూ చేని బాట దగ్గర మాటామాటా వచ్చిందన్నారు. 'పాతకక్షలే కారణమని గ్రామస్థులు అనుమానిస్తున్నారు' అని చివరి వాక్యం రాశాను. గ్రామస్థులంటే ఆ ఇద్దరే. వారం తిరక్కుండా రామాంజులును అరెస్టు చేశారు. నెల తర్వాత పులివెందుల రోడ్డులో, వేంపల్లె దగ్గర, బస్సు కోసం నిలబడ్డ దర్జీపని చేసే ఒకామె అట్లాగే చనిపోయింది. కుటుంబ గొడవలని వార్త వచ్చింది. దేని కారణం దానికి చేతిలో ఉంది కాబట్టి ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

జమ్మలమడుగులో రక్తం ఆగేట్టు కట్టుకట్టి, ప్రొద్దుటూరు పంపారు. అక్కడ ఎక్స్‌రే చూసి డాక్టరు అన్నాడు. "బుల్లెట్ లోపలే ఉంది. లంగ్ చుట్టూ బ్లడ్ చేరింది. చెస్ట్ ట్యూబ్ వేస్తున్నాం."

"చెయ్యి?" అన్నాను.

"ముందు ప్రాణం సార్. చెయ్యి సంగతి తర్వాత."

మూడోరోజు తిరుపతిలో పెద్దాసుపత్రికి మార్చారు. రక్తనాళాలు చూడ్డానికి సీటీ యాంజియోగ్రామ్ తీశారు. పెద్ద రక్తనాళం పక్కనుంచి పోయిన తూటా రెక్క ఎముక కింద ఆగింది. దాన్ని తీసి, సీలు వేసి పోలీసులకు ఇచ్చారు. చెయ్యి మాత్రం మంచం మీద ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. న్యూరో డాక్టరు పిన్నుతో వేళ్లన్నీ గుచ్చి, "బ్రేకియల్ ప్లెక్సస్ ఇంజురీ. మెడలోంచి చేతికొచ్చే నరాల కట్ట అది. తెగిందా, కమిలిందా ఇప్పుడే చెప్పలేం" అన్నాడు.

నాది కుడిచేతి వాటం. యాభై మూడేళ్ల వయసు. రాయడం తప్ప నేర్చిన పని లేదు. ఆ చెయ్యి తిరిగి రావాలి, వచ్చేదాకా ఏం చెబితే అది చేస్తానని ఆ రోజే అనుకున్నాను. అనుకున్నంత తేలిగ్గా జరగలేదు.

వార్డుకు మార్చగానే నా బామ్మర్ది సుబ్బరాయుడు నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. మంచం అంచున కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు.

"బావా, పేరు చెప్పు. ఒక్క పేరు చాలు."

"నాకెవరూ లేర్రా."

"ఉంటాడులే బావా. నిదానంగా గుర్తు తెచ్చుకో. తొందరేం లేదు."

నా భార్య పద్మ బత్తాయి రసం కలుపుతూ తలెత్తకుండా అంది. "ఈయప్పకు శత్రువులుండేంత సీనుందా? మా వీధిలో కుక్కగూడా ఈయన్ని జూసి లేచి నిలబడదు."

"అట్ల కాదక్కా. ఏమీ లేకుండా ఎవురు కాల్చుతారు?"

వాళ్లే వరండాలో కూడి ఒక పేరు తేల్చుకున్నారు. వెంకటసుబ్బయ్య. మా చేనికీ ఆయన చేనికీ మధ్య గట్టు దగ్గర నాలుగేళ్ల కిందట గొడవైన మాట నిజం. వరండాలో గొంతులు తగ్గేకొద్దీ నాకు భయం పెరిగింది. ఇట్లాంటి గుసగుసలు తర్వాత ఏమవుతాయో నేను ఎన్నోసార్లు వార్తగా రాసినవాణ్ణి. ఆయన్ని నా దగ్గరికి పిలవమన్నాను. సుబ్బరాయుడు కుదరదన్నాడు. పద్మే ఫోను చేసింది.

మర్నాడు వెంకటసుబ్బయ్య బస్సులో వచ్చాడు, సంచి నిండా చీనీకాయలతో, అంటే బత్తాయిలతో. వార్డు వాకిట్లోనే నిలబడి చేతులు జోడించాడు.

"నేను కాదు సామీ. నాకు మోటారు సైకిలు తోలేది గూడా రాదు."

నవ్వితే చెస్ట్ ట్యూబ్ గుచ్చుకునేది. అయినా నవ్వొచ్చింది. కూర్చోమన్నాను. జరిగింది ఆయనకు మొదట్నించి చెప్పాను. సుబ్బరాయుడు గోడకు ఆనుకుని వింటున్నాడు.

"హారన్ కొట్టినాడా?" అన్నాడు వెంకటసుబ్బయ్య. "నువ్వు దారికి అడ్డం లేవు గదా. మళ్లెందుకు కొట్టినాడు? నువ్వు తిరిగి చూడాలనే కొట్టుంటాడు."

అప్పుడు లక్ష్మమ్మ మాట గుర్తొచ్చింది. ఆ మాట నా నోట్‌బుక్‌లోనే ఉంది, నేను వార్తలోకి ఎక్కించని మాట. వెంకటసుబ్బయ్య పోబోతుంటే సుబ్బరాయుడు సంచిలోంచి ఒక కాయ తీసి, వొలిచి, సగం ఆయన చేతిలోనే పెట్టాడు.

ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్‌కు ఫోను చేయించాను. ఎడమ బొటనవేలి ముద్ర వేసి వాంగ్మూలం ఇచ్చాను. నేను చెబుతుంటే పద్మ రాసి పత్రికకు పంపింది. ఓబులేసు చావుకు పాతకక్షలు కారణమని నేను రాసింది తప్పని కూడా రాయించాను. వేంపల్లె దగ్గర ఆ రోజు బస్సు కోసం నిలబడ్డ మరో ఇద్దరిని పోలీసులు మళ్లీ అడిగితే వాళ్లూ హారన్ మాట చెప్పారు.

ఆ వార్త వచ్చిన రెండు వారాలకు, పులివెందుల శివార్లలో చీనీతోట పని నుంచి నడిచొస్తున్న ఒక కూలీ వెనక పొట్టిగా హారన్ మోగింది. ఆయన తిరిగి చూడకుండా పక్క కాలవలోకి దూకాడు. తూటా పైనుంచి పోయింది. కాలవలోంచి తొంగిచూసి బండి నంబరులో చివరి రెండంకెలు గుర్తుపెట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో మనిషి దొరికాడు. ఊరూరా తిరిగి బోరు మోటార్లు బాగుచేసేవాడు. మాలో ఎవరితోనూ అతనికి పరిచయం లేదు. ఎందుకు చేశావంటే తల అడ్డంగా ఊపడం తప్ప మాట్లాడలేదని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు మా రోడ్లలో హారన్ కొడితే జనం పక్కకు దూకేవాళ్లు. లారీ డ్రైవర్లు నన్ను తిట్టుకున్నారని విన్నాను.

ఇక చేతి సంగతి. నెల తర్వాత ఈఎంజీ చేశారు. కండలో సూది గుచ్చి మెషీన్‌లో గరగర వింటారు. "భుజం మీది డెల్టాయిడ్, బైసెప్స్‌లో కొంచెం సిగ్నల్ ఉంది. మణికట్టూ వేళ్లూ పైకెత్తే నరంలో లేదు" అన్నారు. ఇంకో రెండు నెలలు చూసి, మార్పు లేదని ఆపరేషన్ చేశారు. పిక్కలోంచి సూరల్ నర్వ్ అనే నరం తీసి భుజం దగ్గర అతికారు. కట్లు మార్చే రోజు సర్జన్ చెప్పాడు.

"నరం రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అదీ అన్నీ బాగుంటే. భుజం దగ్గర్నుంచి మోచెయ్యి దాటేదాకా మీరే లెక్కేసుకోండి."

లెక్కేస్తే ఏడాది దాటింది. దిగులుతో అన్నాను. "వాడు ఎందుకు కాల్చాడో తెలిస్తే కొంచెం నిమ్మళంగా ఉండేది డాక్టర్."

"ఆ సంగతి నరానికి అక్కర్లేదండీ. దానికి టైము కావాలి, ఎక్సర్‌సైజు కావాలి" అని టేపు అంటించి వెళ్లిపోయాడు. మందులు చేసినంత మేలు నాకు ఆ మాట చేసింది.

అయినా తప్పు చేశాను. పచ్చిమిరపకాయలు దంచిన చెయ్యి మాదిరి అరచెయ్యి మండేది. నరాల మంటకిచ్చిన ప్రీగాబలిన్ మాత్ర వేసుకుంటే మత్తు. ఆ సాకుతో మూడు వారాలు స్లింగ్ విప్పలేదు. భుజం బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ప్రొద్దుటూరులో ఫిజియోథెరపీ చేసే షబానా నన్ను చూసి నడుమున చేతులు పెట్టుకుంది.

"ఏంది మామా, చెయ్యిని చంకలో పెట్టుకొని కాపలా కాస్తాండావా? దాన్నెవురూ ఎత్తకపోరు. ఎత్తు."

"రేపట్నుంచి చేస్తాలేమ్మా."

"రేపు రాకుంటే నేనే మీ ఇంటికాడికొచ్చి హారన్ కొడతా."

అనేసి నాలుక కరుచుకుంది. పద్మ ముందు నవ్వింది, తర్వాత నేను, తర్వాత షబానా. ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు. ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ వంచి చాపడం, పూటకు ఇరవైసార్లు. ఇంకెవరి చేతికో వ్యాయామం చేయించినట్టుండేది.

షబానా హాస్యమాడినా, హారన్ నాకు పెద్ద జబ్బే అయింది. జమ్మలమడుగు బస్టాండులో వెనక బస్సు హారన్ కొడితే చెమటలు పట్టి నేలమీద కూలబడ్డాను. జనం గుండెపోటనుకున్నారు. కడపలో మానసిక వైద్యురాలు పీటీఎస్‌డీ, అంటే దెబ్బ తర్వాత మనసులో మిగిలిపోయే భయం అని చెప్పి, "పరిగెత్తొద్దు, కూర్చోవద్దు. ఆగి, పది లెక్కపెట్టి, తిరిగి చూడండి" అంది. చెయ్యి ఎత్తడం కంటే తిరిగి చూడడం కష్టమైంది. మొదటిసారి పది లెక్కపెట్టి తిరిగితే వెనక మజ్జిగ ప్యాకెట్ల ఆటో ఉంది.

ఆపరేషనైన పద్నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే పద్మ నా కంచం వైపు కాక చేతివైపు చూసింది.

"మణికట్టు లేచింది."

"లేవలేదులే."

"లేచింది. నేను జూస్తాండా గదా. మళ్లీ ఎత్తు."

మళ్లీ ఎత్తాను. ఒక వేలు మందం లేచింది.

పెన్ను పట్టుకోగలిగాక లక్ష్మమ్మ ఊరికి వెళ్లాను. రామాంజులు అప్పటికే బెయిలు మీద వచ్చాడు. లక్ష్మమ్మ గొర్రెల దొడ్డి దగ్గర తడిక కడుతున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు, కూర్చోమని మంచం మాత్రం చూపించాడు. నేను తప్పు దిద్దుతూ రాసిన వార్త కత్తిరించి తీసుకెళ్లాను. లక్ష్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"నువ్వు మొదట రాసింది ఊరంతా సదివినారు సారూ. ఇది నేను యాడికి తీసకపోయి సూపీల? పెండ్లికి పిలిచేటోళ్లు గూడా మా ఇంటినీ రామాంజులు ఇంటినీ ఒకసారి పిలవడం ల్యా."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ ఆమే అడిగింది. "ఆ చెయ్యి ఇప్పుడు రాస్తాండాదా?"

"కొంచెం."

"అయితే కోర్టోళ్లకు రాయి."

రాశాను. నా చేత్తోనే, పది నిమిషాలకొకసారి ఆగుతూ, రెండు రోజులు రాశాను. ఆమె నాకు చెప్పిన మాటలు, నేను వదిలేసిన మాట, నా పాత నోట్‌బుక్ పేజీ నకలు జతచేసి రామాంజులు వకీలుకు ఇచ్చాను.

నాకు తూటా తగిలి మూడేళ్లయింది. స్కూటరు తోలుతున్నాను. పెన్నుతో అరగంట రాస్తాను, తర్వాత ఫోనుకు చెబుతాను. చిటికెన వేలికీ పక్క వేలికీ స్పర్శ లేదు. వేడి గ్లాసు పట్టుకుంటే కాలేది తెలియదు కాబట్టి ఎడమచేత్తో పట్టుకుంటాను. నాలాగా నరం దెబ్బతిన్న వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చెయ్యి కదలకపోయినా, కదలదని తెలిసినా, పూటపూటకూ కీళ్లను వంచి చాపండి. నరం మెల్లగానైనా వస్తుంది. వచ్చేసరికి కీలు బిగుసుకుపోయి ఉంటే అది వచ్చీ లాభం లేదు.

కాల్చినవాడి కేసు కోర్టులో నడుస్తోంది. నాలోంచి తీసిన తూటా, వేంపల్లె దగ్గర చనిపోయిన ఆమెలోంచి తీసిన తూటా ఒకే తుపాకివని రిపోర్టు వచ్చింది. ఓబులేసును తాకిన తూటా ఒంట్లోంచి బయటికి పోయింది, చేలల్లో ఎంత వెతికినా దొరకలేదు. పోల్చడానికి తూటా లేదని ఆ చావును ఈ కేసులో కలపలేదు. రామాంజులు పోయిన నెల కూడా వాయిదాకు వెళ్లొచ్చాడు.