తల దువ్వనివ్వని పిల్ల

ఆ పిల్లల వసతి గృహంలో అందరూ ఆమెను నిదానమక్క అంటారు. కొత్తగా చేరిన ఆయాలకు పని నేర్పడం ఆమె ఉద్యోగం. ఎవరు ఏ ఫిర్యాదుతో పరుగెత్తుకొచ్చినా ముందు "నిదానం, కూర్చో" అంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మొదట్లో ఆమె అక్కడ కుట్టుపని నేర్పేది. చిరిగిన గౌను తెచ్చిన పిల్లను కసురుకోకుండా "ఏం ఆట ఆడావే?" అని అడగడం చూసి, గృహం నడిపే పెద్దావిడ ఆమెకు ఈ పని అప్పగించింది.

ఈమధ్య బట్టల దుకాణంలో పని మానేసి ఒకామె ఆయాగా చేరింది. ఆమె చూసుకునే గదిలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఉంది. తోటిపిల్లలు పిచ్చుక అని పిలుస్తారు. దువ్వెన కనిపిస్తే చాలు, మంచం కిందికి దూరేది. ఒకరోజు పొద్దున ఆయా చెయ్యి కొరికేసింది.

"అక్కా, ఇది నా వల్ల కాదు. పిలిస్తే పలకదు, వట్టి మొండిఘటం! రెండు తగిలిస్తే గానీ దారికి రాదు."

నిదానమక్క గాయం కడిగి మందు రాసింది. "సరే, మొండిదే. ఇంకా?"

"ఇంకా అంటే?"

"ఏం ఆడుతుంది? ఎవరితో కూర్చుంటుంది? దేనికి నవ్వుతుంది?"

"అవన్నీ నేనెప్పుడు చూశానక్కా?" అంది ఆయా.

"కొన్నాళ్లు తల సంగతి వదిలేసి పిల్లను చూడమ్మా. వాళ్లమ్మ ఉన్నప్పుడు ఆవిడే దువ్వేదట. అది గుర్తొచ్చి బెంగేమో."

ఆయా గొణుక్కుంటూనే వెళ్లింది. పిచ్చుక తాడాటలో ఎవరికీ ఓడిపోదనీ, లెక్కలు నోటితోనే చేసేస్తుందనీ మెల్లగా తెలిసింది. పిచ్చుక బొమ్మలు వేసుకుంటుంటే ఆయా పక్కన చేరేది. కుడివైపు కూర్చుంటే కబుర్లే కబుర్లు. ఎడమవైపు కూర్చుంటే ఉలుకూ పలుకూ లేదు. అనుమానమొచ్చి, ఎడమవైపు నుంచి "మిఠాయి కావాలా?" అని నెమ్మదిగా అడిగింది. పిల్ల తలెత్తలేదు.

డాక్టరు చూస్తే ఎడమ చెవిలో చీము. జుట్టు లాగినప్పుడల్లా ప్రాణం పోయినట్టుండేదట. మరి చెప్పలేదేమని అడిగితే, "ఆసుపత్రికి పంపించేస్తే మళ్లీ ఇక్కడికి తీసుకురారేమోనని" అంది పిచ్చుక.

"నేను మనసు దగ్గరే ఆగిపోయానమ్మా. ఒంటి సంగతి అడగనే లేదు" అంది నిదానమక్క ఆయాతో. తర్వాత జరిగిన శిక్షణలో ఆయానే నిలబెట్టి ఈ సంగతి చెప్పించింది. ఆమె పిల్ల కొరికిన చోటు చూపించి, "ఇదీ నా మొదటి పాఠం" అని అందరినీ నవ్వించింది.

చీము తగ్గింది గానీ, ఆ చెవికి వినికిడి కాస్త తక్కువే. ఇప్పుడందరూ పిచ్చుకకు కుడివైపు నిలబడి మాట్లాడతారు. జడకు పేచీ లేదు. పేచీ అంతా రిబ్బను రంగు దగ్గరే.