సముద్రం లేని ఊళ్ళో ఓడ మెకానిక్

నేవీలో ఇరవై ఏళ్ళు ఓడ ఇంజన్ల దగ్గర పనిచేసిన నన్ను తెచ్చి ఢిల్లీ ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏ ఓడలో అనుభవమున్న సెయిలర్లు తక్కువయ్యారో, అక్కడికి ఎవర్ని పంపాలో లిస్టు రాయడమే నా పని. చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పే చెవులు నావి. ఇక్కడ అవి మేముండే ఆర్.కె. పురం కాలనీ ఆంటీల కూలర్లకే పనికొస్తున్నాయి. "భయ్యా, జరా సునో" అని కూలర్ చప్పుడు వినడానికి పిలుస్తారు. విని, "బేరింగ్ గయా ఆంటీ" అని, బేరింగ్ పోయిందని తేల్చేస్తాను.

ఓ రోజు ఒళ్ళు మండి, ఓడకు పంపాల్సినవాళ్ళలో మొదట నా పేరే రాసి ఆఫీసరు ముందు పెట్టాను. ఆయనా తెలుగాయనే. ఎర్ర పెన్నుతో నా పేరు కొట్టేసి, "నువ్వెళ్ళిపోతే ఈ లిస్టు ఎవరు రాస్తారయ్యా? అనుభవమున్నవాళ్ళు దొరకడం లేదని నువ్వే కదా రాశావు!" అన్నారు.